ఏ సన్నివేశం అని అడిగితే

(ముస్లిం యువజన గ్రంథాలయ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ గ్రంథాలయాన్ని నడుపుతున్న యువకులు మమ్మల్ని ఆహ్వానించేందుకు వచ్చినప్పుడు ఒక చీటీ చేతికిచ్చారు. ‘మీరు చూసినవాటిలో అతి చెత్త సినిమా ఏది? ఎందుకు?’ అన్న ప్రశ్న అందులో ఉంది. రేషన్ కార్డుల గురించో, వక్ఫ్ భూముల రికార్డుల గురించో, ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తుల గురించో మాట్లాడమంటారని అనుకున్నాము. ముప్పైనాలుగేళ్లు రెవెన్యూ శాఖలో గుమాస్తా ఉద్యోగం చేసిన మనిషికి తెలిసినవి అవే కదా! సినిమాపై ఉపన్యాసమేమిటని మా ఇంట్లో నవ్వారు. కానీ చీటీని రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాక ఆ ప్రశ్న నవ్వులాట కాదని అర్థమైంది.

ముందుగా ఒక మాట. సినిమా చూడవచ్చునా, కూడదా అన్న చర్చకు ఇది వేదిక కాదు. దానికి ఉలమా ఉన్నారు. మనవాళ్లు చూస్తున్నారన్నది మాత్రం వాస్తవం. రంజాన్ పండుగ నాడు మధ్యాహ్నం ఏ పట్టణంలోనైనా థియేటర్ ముందు నిలబడి చూడండి. కొత్త బట్టలు, కళ్లకు సుర్మా, చేతిలో ఈదీ డబ్బులు. మేమూ ఆ వరుసలో నిలబడి పెరిగినవారమే.

చెత్త సినిమా అంటే విసుగు పుట్టించేది అనుకుంటే మా జాబితా చాలా పెద్దది. అరవై ఏళ్ల కథానాయకుడు కాలేజీకి వెళ్లే సినిమాలు చూశాము. ఇంటర్వెల్ తర్వాత కథ ఎటు పోయిందో తెలియని సినిమాలు చూశాము. ఒక పండుగ నాడు రెండో ఆటలో నిద్రపోతే, చివరికి గేటు మూసేవాడు వచ్చి లేపాడు. ఆ సినిమాల మీద మాకు కోపం లేదు. అవి టికెట్ డబ్బులు, మూడు గంటల కాలం తీసుకున్నాయి, అంతే. మనసులో మిగిలిపోయేది వేరొక రకం. డబ్బు గాక మరేదో తీసుకుని మనల్ని బయటికి పంపే సినిమాలు ఉన్నాయి. ఈరోజు వాటి గురించి మాట్లాడదలిచాము.

1992లో తమిళంలో విడుదలై, తెలుగులోకి అనువాదమై ఇక్కడా బాగా ఆడిన ‘రోజా’ మీలో చాలామందికి తెలుసు. మణిరత్నం దర్శకత్వం. ఎ.ఆర్. రెహమాన్‌కు సంగీత దర్శకుడిగా అది మొదటి చిత్రం. ఆ సంగీతం విని మన ఇళ్లలో ఎంత గర్వపడ్డామో చెప్పనక్కరలేదు. కార్యాలయ మిత్రులతో కలిసి రెండో ఆటకు వెళ్లాము. కాశ్మీరులో తీవ్రవాదుల చెరలో ఉన్న కథానాయకుడు, వారు జాతీయ జెండాకు నిప్పు పెడితే, దాని మీద పడి తన దేహంతో మంటను ఆర్పుతాడు. హాలంతా చప్పట్లు మోగాయి. మేమూ కొట్టాము. మనసారా కొట్టాము. జెండా ఎవరిదైనా ఒకటే కదా!

అయితే అదే సన్నివేశంలో, జెండా మండుతున్న సమయంలో, ఆ తీవ్రవాదుల నాయకుడు ప్రశాంతంగా నమాజు చేస్తూ ఉంటాడు. కెమెరా మంటను చూపి అతన్ని చూపుతుంది. మళ్లీ మంటను, మళ్లీ అతన్ని. మొదట మేము గమనించలేదు. ఆట అయ్యాక టీ కొట్టు దగ్గర మా మిత్రుడొకరు భుజం మీద చేయి వేసి, “మీరు అలాంటివారు కాదులెండి” అన్నారు. ప్రేమతోనే అన్నారు. ఆయన మంచితనంలో ఈనాటికీ మాకు సందేహం లేదు. కానీ అంతవరకు మేము ‘ఎలాంటివారమో’ ఎవరూ ఆలోచించవలసిన అవసరం రాలేదు.

ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. అమ్మీ తహజ్జుద్ నమాజులో ఉన్నారు. సజ్దాలో వంగిన ఆ వీపును చూస్తూ గుమ్మంలోనే నిలబడిపోయాము. తెరమీద అతడు చేసిందీ ఇదే, ఇంట్లో ఆమె చేస్తున్నదీ ఇదే. జెండాకు ఎదురుగా తెర నిలబెట్టింది తుపాకీని మాత్రమే కాదు, నమాజును కూడా. ఆ ఏడాది డిసెంబరు ఆరున అయోధ్యలో ఏం జరిగిందో మీకు చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లో మాకు ఆ సన్నివేశం పదేపదే గుర్తుకొచ్చేది. న్యాయంగా చెప్పాలంటే, సినిమా చివరలో ఆ నాయకుడే మనసు మార్చుకుని కథానాయకుణ్ణి వెళ్లనిస్తాడు. ఆ మాట దాచకూడదు. కాని జనం ఇంటికి పట్టుకెళ్లింది ఆ మార్పును కాదు, మంట పక్కనున్న నమాజును.

మరికొన్నేళ్లకు ఒక మిత్రుని పుణ్యమా అని ‘గర్మ్ హవా’ చూశాము. ఎం.ఎస్. సత్యు దర్శకత్వంలో 1973లో తయారైన హిందుస్తానీ చిత్రమది. ఇస్మత్ చుగ్తాయ్ కథ ఆధారంగా కైఫీ ఆజ్మీ, షమా జైదీ రాశారు. దేశవిభజన తర్వాత ఆగ్రాలో చెప్పుల కార్ఖానా నడిపే సలీం మీర్జా కుటుంబం కథ. బంధువులు ఒక్కొక్కరే పాకిస్తాన్ వెళ్లిపోతారు. అప్పు పుట్టదు, అద్దెకు ఇల్లు దొరకదు, గూఢచారి అన్న నింద పడుతుంది. చివరికి సలీం మీర్జా కూడా విసిగిపోయి స్టేషనుకు టాంగాలో బయలుదేరుతాడు. దారిలో పని కోసం, తిండి కోసం సాగుతున్న ఊరేగింపు ఎదురవుతుంది. ముందు కొడుకు దిగి అందులో కలుస్తాడు. తర్వాత తండ్రీ దిగుతాడు. దేశభక్తి గురించి ఒక్క ఉపన్యాసం ఉండదు. ఆకలిగొన్న అందరితో కలిసి నడవడమే అక్కడ సమాధానం. ఆ పాత్ర పోషించిన బల్‌రాజ్ సాహ్ని చిత్రం విడుదలకు ముందే కన్నుమూశారు. మతఘర్షణలు వస్తాయన్న భయంతో ఆ సినిమాకు ధ్రువపత్రం ఇవ్వడానికి నెలల తరబడి జంకారు. తీరా విడుదలయ్యాక ఎక్కడా ఏ ఉపద్రవమూ రాలేదు. జాతీయ సమైక్యత విభాగంలో ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది.

సోదరులారా, ‘రోజా’కు వచ్చిన పురస్కారాలలో జాతీయ సమైక్యతా చిత్ర పురస్కారం కూడా ఉంది. రెండు సినిమాలు, ఒకే పురస్కారం, మధ్యలో సుమారు ఇరవై ఏళ్లు. మొదటిదానిలో ముస్లిం అందరితో పాటు ఆకలిగొన్న మనిషి. రెండోదానిలో అందరినీ భయపెట్టే మనిషి. ఆ ఇరవై ఏళ్లలో సమైక్యత అన్న మాటకు అర్థం ఎంత మారిందో కొలవడానికి ఇంతకన్నా మంచి కొలబద్ద మాకు కనిపించలేదు.

ఇక మన తెలుగు సినిమాకు వద్దాము. చిన్నప్పటి నుంచి తెరమీద చూసిన సాయిబు ఎవరు? వచ్చీరాని తెలుగు మాట్లాడి నవ్వించేవాడు. మన దూదేకుల సోదరుల మాతృభాష తెలుగు. పిఠాపురంలో ఉమర్ ఆలీషా కవి ఛందోబద్ధంగా తెలుగు పద్యాలు రచించారు. మా తరం వారు పెద్ద బాలశిక్ష చదివే బడిలో చేరారు. అయినా తెరమీది సాయిబుకు తెలుగు రాదు! ఆ హాస్యానికి మేమూ నవ్వాము. తర్వాతి తరంలో ఆ హాస్యగాడి చేతికి బాంబు ఇచ్చారు.

బాంబుల కాలంలో ‘మంచి ముస్లిం’ కూడా వచ్చాడు. 2002లో వచ్చిన కృష్ణవంశీ చిత్రం ‘ఖడ్గం’లో ప్రకాశ్‌రాజ్ పోషించిన అంజద్ పాత్ర అలాంటిది. దేశాన్ని ప్రేమించే మనిషి, తీవ్రవాదం వైపు మళ్లిన సొంత తమ్ముడు. ఆ పాత్ర చూసి మన ఇళ్లలో చాలామంది సంతోషించారు, మేమూ సంతోషించాము. కొంతకాలానికి గాని ఒక సందేహం రాలేదు. పక్కింటి వెంకటేశ్వర్లు దేశభక్తుడా కాదా అన్నది ఏ కథకూ సమస్య కాదు. అతనికి ప్రేమ ఉంటుంది, అప్పులుంటాయి, కూతురి పెళ్లి ఉంటుంది. అంజద్‌కు మాత్రం పరీక్ష ఉంటుంది, అతను దానిలో నెగ్గాలి. మంచి మార్కులు వచ్చాయని మనం చప్పట్లు కొట్టాము గాని, పరీక్ష ఎందుకు పెట్టారని అడగలేదు. మనల్ని తిట్టిన సినిమాలకన్నా, ఇలా మెచ్చుకున్న సినిమాలే తర్వాత ఎక్కువ నిరాశ కలిగించాయని మేము చెబుతున్నాము. దీనితో మీరు ఏకీభవించనక్కరలేదు.

అలాగని తెలుగులో మంచి ప్రయత్నాలే లేవనుకోవద్దు. క్రిష్ దర్శకత్వంలో 2010లో వచ్చిన ‘వేదం’లో మనోజ్ బాజ్‌పాయ్ పోషించిన రహీముద్దీన్ ఉన్నాడు. చేయని నేరానికి పోలీసుల అనుమానంలో నలిగే మనిషి. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన తర్వాత పట్టుబడి, హింసలు అనుభవించి, చివరికి కోర్టులో నిర్దోషులుగా తేలిన హైదరాబాద్ యువకుల సంగతి తెలిసినవారికి ఆ పాత్ర ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పనక్కరలేదు. అలాంటి చిత్రం వచ్చినప్పుడు మనలో ఎంతమందిమి ఆ దర్శకునికి ఒక ఉత్తరం ముక్క రాశాము? మేము రాయలేదు.

2023లో వచ్చిన ‘ది కేరళ స్టోరీ’ గురించి గుమాస్తాగా మాట్లాడతాము. కేరళ నుంచి 32,000 మంది యువతులు మతం మారి తీవ్రవాదంలోకి వెళ్లారన్నట్టుగా దాని ప్రచారం మొదలైంది. అభ్యంతరాలు వచ్చాక ప్రచార వీడియో కింది వివరణలో ఆ సంఖ్య ముగ్గురైంది. ముప్పైరెండు వేలు ఎక్కడ, మూడు ఎక్కడ! మా కార్యాలయంలో పింఛను లబ్ధిదారుల జాబితాలో ఒక్క సున్న ఎక్కువ పడితే మరునాటికి మెమో వచ్చేది. 2023 మే 18న సుప్రీంకోర్టు, ఆ సినిమాపై పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం విధించిన నిషేధాన్ని నిలిపివేస్తూనే, 32,000 అన్న సంఖ్యకు ప్రామాణికమైన ఆధారం లేదనీ, ఇది కల్పిత కథనమనీ తెరపై ప్రకటించాలని చెప్పింది. 2025లో ప్రకటించిన జాతీయ పురస్కారాలలో ఆ సినిమాకు ఉత్తమ దర్శకత్వ పురస్కారం వచ్చింది. ఆధారం లేదన్న ప్రకటన కొన్ని క్షణాలు తెరమీద ఉంటుంది. ఆ సంఖ్య జనం నోటిలో ఎంతకాలం ఉంటుందో చెప్పలేము.

ఇక్కడ మా సొంత తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. లేకపోతే ఈ ప్రసంగానికి అర్థం ఉండదు.

మేము పదవీ విరమణ చేసిన మరుసటి ఏడాది ఒక సినిమా విడుదలవుతోందని, అందులో మనల్ని అవమానించారని వార్త వచ్చింది. దాని పేరు ఇక్కడ అనవసరం. కాగితాలు రాయడం వచ్చినవాడని అర్జీ మా చేత రాయించారు. నలభై ఆరు సంతకాలు. వెంటనే నిషేధించాలని ఘాటుగా రాశాము. ఒకప్పుడు మేము పనిచేసిన శాఖలోని అధికారి వద్దకే వెళ్లాము. యువ అధికారి, మర్యాదస్తుడు. కూర్చోబెట్టి, అర్జీ పూర్తిగా చదివి, “ఏ సన్నివేశం, సార్?” అని అడిగారు.

మాలో ఎవరమూ చూడలేదు. అందరూ అంటున్నారని ఒకరన్నారు. ఫోనులో ట్రైలర్ వచ్చిందని మరొకరన్నారు. మేము అందరి ముఖాలూ చూశాము. రంజాన్ నెల, ఉపవాసంతో ఉన్నాము. చూశామని అబద్ధం ఆడలేము. “తెలియదండీ” అన్నాము. ఆయన నవ్వలేదు. అర్జీ తీసుకుని పక్కన పెట్టారు. దాని మీద ఏం రాస్తారో ఆ గదిలో మాకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? ‘ఎల్.డిస్.’ అంటే, చర్య అవసరం లేదు, కొంతకాలం ఉంచి తీసివేయవచ్చు అని. వివరాలు లేని అర్జీల మీద మా చేత్తో ఎన్నిసార్లు ఆ అక్షరాలు రాశామో!

ఆ రాత్రి తరావీహ్ నుంచి వచ్చాక సూరా హుజురాత్ తీశాము. ఏదైనా వార్త వచ్చినప్పుడు, తెలియక ఒక జనసమూహానికి హాని తలపెట్టకుండా ముందు విచారించుకోవాలన్న ఆదేశం అందులో ఉంది. ఆ ఆయతును సినిమావాళ్లకు వినిపించాలని ఎన్నోసార్లు అనుకున్నాము. అది ముందు మాకే వర్తించింది. అదే సూరాలో ఒక వర్గం వారు మరో వర్గాన్ని ఎగతాళి చేయరాదని కూడా ఉంది. నత్తివాడిని, నల్లనివాడిని, పల్లెటూరి దళితుడిని తెరమీద ఎగతాళి చేసినప్పుడు మేము నవ్విన నవ్వులు అప్పుడు గుర్తొచ్చాయి. మన గాయం మాత్రమే గాయమని ఎవరూ ఒప్పుకోరు.

నిషేధం గురించి ఒక్క మాట. 1989లో ఎస్. రంగరాజన్ కేసులో ఒక తమిళ చిత్రంపై తీర్పు చెబుతూ, ప్రదర్శనలు జరుగుతాయనో, హింస చెలరేగుతుందనో బెదిరింపులు వచ్చినంత మాత్రాన భావప్రకటనను అణచరాదని సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మాట మనకు అడ్డంకి అని కొందరు అనుకుంటారు. కాదు, మనకే రక్ష. 2002 గుజరాత్ మారణకాండలో కొడుకును పోగొట్టుకున్న ఒక పార్సీ కుటుంబం కథతో ‘పర్జానియా’ వచ్చినప్పుడు, గొడవలు జరుగుతాయన్న భయంతో గుజరాత్ థియేటర్ల వారు దాన్ని ఆడించడానికి ముందుకు రాలేదు. ‘గర్మ్ హవా’ నెలల తరబడి ఆగిపోయిందీ అలాంటి భయంతోనే. మనం పదును పెట్టిన కత్తి మన కథలనే ముందు కోస్తుంది.

మరి ఏం చేయాలి? మా మనుమరాలు ఎనిమిదో తరగతి. మొన్న స్నేహితురాళ్లతో ఒక సినిమాకు వెళ్లి వచ్చింది. ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ పంచుకుంటూ ఒక పిల్ల “మీ ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడుకుంటారా?” అని అడిగిందట. ఆ పిల్లకూ దురుద్దేశం లేదు, తెలియక అడిగింది. మా అమ్మాయి జవాబు చెప్పకుండా ఊరుకుంది. ఇంటికొచ్చి రాత్రి అన్నం దగ్గర, “దాదా, మనం మంచివాళ్లమని ఎలా చూపించాలి?” అన్నది.

టీ కొట్టు దగ్గర మా మిత్రుడన్న మాట ముప్పై ఏళ్లు దాటి మా అన్నం పళ్లెం దగ్గరికి వచ్చింది. చూపించనక్కరలేదమ్మా అన్నాము. ఆ పిల్లను ఆదివారం భోజనానికి పిలవమన్నాము. వచ్చింది. పప్పు, ఖీమా, ఆవకాయ తిన్నది. మా కోడలి కేకలూ, కరెంటు బిల్లు మీద మా అబ్బాయి గొణుగుడూ విన్నది. మా ఇంట్లోనూ ఇంతేనని నవ్వింది. ఇది ఒక్క ఇంటి సంగతి. అందరినీ భోజనానికి పిలవలేము కనుక మిగతా పని కాగితం మీద జరగాలి.

అందుకే ఈ గ్రంథాలయానికి ఒక రిజిస్టరు తెచ్చాము. ఇదిగో, రెండు వందల పేజీలు, గీతలు కూడా కొట్టాము. సినిమా పేరు, చూసిన తేదీ, సెన్సారు ధ్రువపత్రం వివరం, సన్నివేశం ఏది, ఎన్నో నిమిషం, ఏ మాట అన్నారు, వాస్తవం ఏమిటి, దానికి ఆధారం ఏమిటి. చివరి గడి ‘మంచి ఏమిటి’. ఆ గడి ఖాళీగా వదలకండి. చూడనివారు రాయకూడదు. అభ్యంతరం ఉంటే ఈ వివరాలతో సెన్సారు బోర్డుకు, పత్రికలకు, నిర్మాతకు రాద్దాము. బాగుంటే అదీ రాద్దాము. ఎల్.డిస్. కాగితాలు ఇక చాలు. శాశ్వతంగా భద్రపరచే రికార్డును మా శాఖలో ఆర్.డిస్. అంటారు. ఈ రిజిస్టరు అలా ఉండాలి.

చరిత్ర సినిమాలకు ఇది మరీ అవసరం. 2024లో ‘రజాకార్’ అనే తెలుగు చిత్రం వచ్చింది. దాన్ని చూసి వచ్చిన పిల్లలు అడిగితే రజాకార్లను వెనకేసుకు రావద్దు. వారి దౌర్జన్యం నిజం. ఆ దౌర్జన్యాన్ని తన ‘ఇమ్రోజ్’ పత్రికలో ఎండగట్టి, 1948 ఆగస్టులో ప్రాణాలిచ్చిన సంపాదకుడు షోయబుల్లా ఖాన్ అని కూడా చెప్పండి. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి హతుడైన బందగీ పేరు చెప్పండి. నిజాం పాలనపై పోరాడిన కవి మఖ్దూం మొహియుద్దీన్ పేరు చెప్పండి. సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత జరిగిన హత్యాకాండపై నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేసిందని చెప్పండి. ఒక పేజీ చింపితే చరిత్ర సగమవుతుంది. ఆ పేజీని చింపేది ఎవరైనా సరే, మనమైనా సరే.

ఇక మీ చీటీలోని ప్రశ్నకు జవాబు. మేము చూసినవాటిలో అతి చెత్త సినిమా ఏదో తేల్చలేకపోయాము. అతి నిరాశ కలిగించింది మాత్రం, చూడకుండానే నలభై ఆరు సంతకాలతో మేము అర్జీ పెట్టిన ఆ సినిమాయే. తర్వాత ఎప్పుడో దాన్ని చూశాము. అందులో మూడు సన్నివేశాలు నిజంగానే అభ్యంతరకరమైనవి ఉన్నాయి. ఆ రోజు వాటి పేరు చెప్పగలిగి ఉంటే బాగుండేది.

రిజిస్టరులో మొదటి పేజీ మా మనుమరాలు రాసింది. చదివి ముగిస్తాము. సన్నివేశం గడిలో ‘ఇంటర్వెల్‌కు ముందు, ఇంట్లో గొడవ’ అని రాసింది. వాస్తవం గడిలో ‘మా ఇంట్లో అలా మాట్లాడరు, మా అమ్మ తెలుగులోనే తిడుతుంది’ అని రాసింది. మంచి గడిలో ‘పాటలు బాగున్నాయి, హీరోయిన్ సైకిల్ తొక్కింది’ అని రాసింది. ఆధారం గడి ఖాళీగా ఉంది. దాన్ని ఎలా నింపాలో ఈ ఆదివారం నేర్పుతామని మాట ఇచ్చాము. మీ పిల్లలనూ తీసుకురండి. అల్లాహ్ మనకు సత్యం పలికే నాలుకను, విచారించే ఓపికను ప్రసాదించుగాక. వస్సలాం.